ఇద్దరికీ ఒక సెట్టు

చొక్కా కాలరును వెనక్కి మడిచి, ఇస్త్రీపెట్టె మొనతో అంచు వెంబడి రెండుసార్లు గట్టిగా నొక్కింది నాగరత్నమ్మ. ఆకాశం రంగు టెర్రికాటన్ చొక్కా, నిండు చేతులది. ఏప్రిల్ నెల. పొద్దున ఏడు కాకముందే పాకాలలో గోడలు వేడెక్కుతున్నాయి. ఈ ఎండలో గడప దాటే మనిషికి ఏం తొడగాలో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. పల్చటి నూలు చొక్కా, పొట్టి చేతులు, వదులు ప్యాంటు, కాళ్ళకు చెప్పులు. అవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఆమె తీయలేదు, కావాలనే తీయలేదు.

ముందుగదిలో ఆమె మొగుడు గంగాధరం బనియనుతో, లుంగీతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం కొట్టి ఎడమ చెయ్యి పడిపోయింది. ఎడమ కాలు ఈడుస్తాడు, మూతి కొంచెం పక్కకు పోయింది. మాట మాత్రం మెల్లగా తిరిగి వచ్చింది. ఒకప్పుడు మీసం కత్తిరించుకోవడానికే ఆయనకు అరగంట పట్టేది. ఇప్పుడు గడ్డం ఆమే గీస్తుంది. గీసేటప్పుడు దవడ కింద ఎక్కడో ఒకచోట నాలుగు వెంట్రుకలు వదిలేస్తుంది.

పడిపోయిన చేతిని ముందు దూర్చి, తర్వాత మంచి చేతిని దూర్చి చొక్కా తొడిగింది. గుండీలు మెడదాకా పెట్టింది. ప్యాంటులోకి చొక్కా దోపి, బెల్టు ఒక రంధ్రం ఎక్కువ బిగించింది. కాళ్ళకు తాళ్ళ బూట్లు. చెప్పులైతే ఆయనే విడుచుకోగలడు. తాళ్ళ బూట్లు ఒంటిచేత్తో విప్పుకోవడం ఆయనవల్ల కాదు. అందుకే బూట్లు.

ప్రతి ఆదివారం ఇదే తంతు. శనివారం సాయంత్రం ఆయన అడుగుతాడు, రేపు ఎక్కడికైనా పోదామా అని. చూద్దాం అంటుంది ఆమె. ఆదివారం పొద్దున్నే పెళ్ళికొడుకును చేసినట్టు చేసి, కుర్చీని వీధివైపు తిప్పి కూర్చోబెడుతుంది. ఎనిమిదిన్నరకు టిఫిను డబ్బా పట్టుకుని, అంగట్లో కొత్త సరుకు దిగింది, ఈ వారం కుదరదు అని చెప్పి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చేదాకా ఆయన ఆ బట్టల్లోనే ఉడకాలి. వీధిలో పోయేవాళ్ళు ఊరుకుంటారా? ఏమన్నా, యాడికి ప్రయాణం, అని అడుగుతారు. ఆయన ఏదో ఒకటి చెప్పుకోవాలి. వంద వారాలుగా ఆ ప్రశ్న ఆయనకు తగులుతోందని తలుచుకుంటే నాగరత్నమ్మకు కడుపు చల్లగా ఉంటుంది.

ఉండదా మరి? అట్లాంటి ప్రశ్నే ఆమె ఇరవై ఏళ్ళు పడింది. డ్యూటీ లేని ఆదివారమల్లా గంగాధరం బయల్దేరేవాడు. కాణిపాకం, కాళహస్తి, తలకోన, చంద్రగిరి కోట. ఎవరితో అంటే స్నేహితులతో. వెనకాల గడపలో నిలబడ్డ ఆమెను వీధిలో ఆడవాళ్ళు అడిగేవాళ్ళు, మీ ఆయన ఒక్కడే పోతాడేం, నిన్ను తీసకపోడా, అని. ఆమె నవ్వి లోపలికి వచ్చేసేది. శనివారం సాయంత్రం ఆయన బట్టలు తీసి, జత చేసి, ఇస్త్రీ చేసి పెట్టేది కూడా ఆమే. నలుగురిలో తన మొగుడు బాగుండాలని ఎంత తాపత్రయపడిందో. ఆ తాపత్రయం గుర్తొస్తే ఇప్పటికీ తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

అసలు సంగతి ఆమెకు తెలిసింది పన్నెండేళ్ళ కిందట, ఒక శుక్రవారం. బజారువీధిలో ప్రతాప్ బట్టలంగట్లో ఆమె అప్పటికే చాలా ఏళ్ళుగా పని చేస్తోంది. దామలచెరువు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పేరు అమల. మొగుడు పోయిన మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నటి మెడ, గట్టిగా మాట్లాడదు. సంచిలోంచి మగవాళ్ళ చొక్కా ఒకటి తీసి బల్ల మీద పరిచింది. పచ్చ గళ్ళ చొక్కా. ఆదివారం తలకోన పోతున్నాం, దీనికి సరిపోయే చీర కావాలి అంది. నాగరత్నమ్మ కళ్ళు ఆ చొక్కా మూడో గుండీ మీద పడ్డాయి. పచ్చదారం అయిపోయిందని నీలం దారంతో తన చేత్తో కుట్టిన గుండీ. డ్యూటీ దగ్గర రెస్టురూములో ఎవరో కొట్టేశారని గంగాధరం చెప్పిన చొక్కా.

ఇంకొకతె అయితే ఆ బల్ల దగ్గరే ఆయమ్మ జుట్టు అందుకుని ఉండేది. నాగరత్నమ్మ అరవలేదు. కత్తెర పక్కకు జరిపి, వెనక్కి తిరిగి, రెండో అరలోంచి ఒక చీర లాగింది. లేతపచ్చ ఒంటికి చింతపండు రంగు అంచు. చొక్కా పక్కన వేస్తే ఒకే తానులోంచి కోసినట్టు ఉంది. టీచరమ్మ మురిసిపోయి, మీ చెయ్యి బలే చెయ్యి అక్కా అంది. అమ్మేవాళ్ళ మొహం ఎవరు చూస్తారు? మెరూన్ రంగు యూనిఫారం చీరలో ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషికి ఇంట్లో ఒక మొగుడుంటాడని ఆ చదువుకున్నామెకు తోచలేదు.

అప్పటినుంచి ఏడాదిన్నర పాటు ఇద్దరికీ బట్టలు జత చేసింది నాగరత్నమ్మే. శుక్రవారం టీచరమ్మ అంగడికి వచ్చి ఆదివారం ఎక్కడికి పోతున్నదీ చెప్పేది. ఆమె చీర తీసి ఇచ్చేది. శనివారం ఇంట్లో దానికి అతికే చొక్కా గంగాధరానికి తీసి పెట్టేది. వంకాయ రంగు చీరకు ఆవపిండి రంగు అంచు వస్తే, ఆవపిండి రంగు చొక్కా. నెమలికంఠం చీర అయితే, సన్నటి నెమలికంఠం చారల చొక్కా. కొత్తగా పెళ్ళైన జంటలు కూడా అంత కుదురుగా కట్టుకుని తిరగరు. దాచుకుని తిరుగుతున్నారు కదా, దాచుకోండి చూస్తాను, అనుకునేది. ఎక్కడికి పోయినా నలుగురూ తల తిప్పి చూడాలి, ఎవరీ జంట అనుకోవాలి. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు గుర్తుపట్టాలి.

గుర్తుపట్టారు. కాణిపాకంలో క్యూలో నిలబడ్డ గంగాధరం సొంత అక్క నిర్మలమ్మ, దూరంనుంచి చీరనీ చొక్కానీ చూసి, కొత్త దంపతులు ఎంత ముచ్చటగా ఉన్నారో అని పక్కామెకు చూపించింది. వరస కదిలి దగ్గరికి వచ్చాక తమ్ముడి మొహం చూసింది. వారం తిరిగేసరికి దామలచెరువులో తెలియని ఇల్లు లేదు. టీచరమ్మ ట్రాన్స్‌ఫరు పెట్టుకుని కుప్పం వైపు వెళ్ళిపోయింది. గంగాధరం తల దించుకుని ఇంట్లో పడ్డాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ బయటికి పోలేదు, భార్యను తీసుకునీ పోలేదు. ఎవరివల్ల బయటపడిందో ఆయనకు తెలియదు. ఆ తెలియకపోవడమే నాగరత్నమ్మకు బలం. అంగట్లో రోజుకు పది గంటలు నిలబడి పిక్కల్లో నరాలు ముడులు పడినా, కూతురి పెళ్ళి చేసి ఇల్లు బోసిపోయినా, మంచాన పడ్డ మొగుడికి చాకిరీ చేసినా, గెలిచింది నేను అన్న మాట ఒకటి లోపల ఉండేది. దాన్ని ఎవరితోనూ పంచుకోలేదు.

ఇవాళ బూట్ల తాళ్ళు ముడివేస్తుంటే గంగాధరం నోరు విప్పాడు.

"మే, నీకొక మాట సెప్పల్ల."

ఆమె తల ఎత్తలేదు. చెప్పమంది.

"ఆయమ్మకు సీరలు తీసిచ్చింది నువ్వేనని నాకు తెలుసు. తొలి సీర సూసిన పూటే తెలిసింది. నీ సెయ్యి నాకు తెలీదా?"

తాడు పట్టుకున్న ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఆయన మోకాళ్ళ వైపే చూస్తూ అడిగింది.

"తెలిసి ఎందుకు తొడుక్కోని పోతా ఉంటివి?"

పక్కకు పోయిన మూతితో మాటలు కూడదీసుకోవడం ఆయనకు ఎప్పుడూ కష్టమే.

"నువ్వు తీసిపెట్టినావు గదా, తొడుక్కున్న్యాను. నిన్ను అడిగే దయిర్యం ల్యాకపాయ. ఏదో ఒక పొద్దు నువ్వే నన్ను నిలదీస్తావని సూస్తా ఉండినాను. నువ్వు అడగలేదు, నేను సెప్పలేదు." ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నాడు. "ఈపొద్దు నీకూ నాకూ ఒక సెట్టు తియ్యి. రెండు గంటల ప్యాసింజరుకు చంద్రగిరి పోదాం. పక్కపక్కన కూసోని పోయొద్దాం. అంతే, మళ్ళా అడగను."

నాగరత్నమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెకంటూ ఆ ఇంట్లో మిగిలింది ఆ పగ ఒక్కటే. దాన్ని కూడా ఈ మనిషి మొదటి రోజే చూసి, ఒంటిమీద తొడుక్కుని, ఊరంతా తిరిగొచ్చాడు. ఇన్నేళ్ళూ తాను గెలిచాననుకుంటూ ఉంటే, ఆయన అన్నీ తెలిసి, ఎదురుగా కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం తిన్నాడు. ఇప్పుడు తీరిగ్గా చెప్పి, పక్కన కూర్చుని పోదాం రా అంటున్నాడు. ఎంత సులువుగా అడిగాడు!

ముడి బిగించి లేచింది. ఆ లేచే క్షణంలోనే ఏం చేయాలో ఆమెకు తట్టింది. ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టడం చాలదు. స్టేషనులో కూర్చోబెట్టాలి. రైలు రావాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి, రైలు పోవాలి. ఆయన పాత స్నేహితులు గేటు దగ్గరినుంచి, ఆఫీసు దగ్గరినుంచి చూస్తూ ఉండాలి. సింగారించుకుని ఒంటరిగా బెంచీ మీద మిగిలిపోవడం ఎట్లా ఉంటుందో ఒక్కసారైనా ఆయనకు తెలియాలి.

"సరే," అంది. "అంగడి ఒంటిగంటకు మూస్తారు. నువ్వు ముందు పొయ్యి స్టేషన్లో కూసో. నేను వస్తాను."

గంగాధరం ఆమె మొహంలోకి చూశాడు. నమ్మాడు. తాను మెల్లగా నడుస్తాడు కాబట్టి పదకొండుకే బయల్దేరతానన్నాడు. టికెట్లు తానే తీస్తానన్నాడు. కిటికీ పక్క ఎవరు కూర్చోవాలో కూడా అప్పుడే తేల్చేసి, నువ్వే కూసో, నేను సూసిందే గదా, అన్నాడు. నేను చూసిందే కదా అన్న మాట ఆమెకు ఇంకో మంట. టిఫిను డబ్బా అందుకుని మాట్లాడకుండా గడప దాటింది.

ప్రతాప్ అంగట్లో ఆదివారం పూట వచ్చేవాళ్ళలో ముప్పాతికమంది ఎక్కడికో ఒక రోజు పోయి రావాలనుకునేవాళ్ళే. పెళ్ళి బట్టలకు తిరుపతి పోతారు. ఊరికే ఒక పూట బయటికి పోయేందుకు మాత్రం రత్నమ్మ చెయ్యి పడాలి. ఆమె ముందు బట్టలు చూపించదు, ప్రశ్నలు అడుగుతుంది. యాడికి? బస్సా, రైలా? నీళ్ళుండాయా, మెట్లుండాయా? ముసిలోళ్ళు వస్తారా? జవాబులు వింటూనే ఆమె చేతులు అరల మీద నడుస్తుంటాయి. తలకోన అంటే తెల్లబట్ట జోలికి పోదు, తడిస్తే ఒళ్ళు కనిపిస్తుంది. మగవాళ్ళకు నల్లప్యాంటు, బండల మీది పాచి అంటినా తెలియకుండా. జనంలో తప్పిపోయినా దొరకాలని చిన్నపిల్లలకు నిమ్మపండు రంగు. గుడి అయితే చుడీదారుకు పొడుగు చున్నీ. రెండు నిమిషాల్లో అయిదుగురికి అయిదు జతలు బల్ల మీద వరసగా పడతాయి. ఆమె తీసిన సెట్టు మార్చుకోవడానికి తిరిగి రాదని ప్రతాప్ అందరికీ చెబుతాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె వైపు చూడడు.

పన్నెండు దాటాక కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చింది. పిల్లకు ఇరవై రెండు ఉంటాయేమో, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. హార్స్‌లీ హిల్స్ పోతున్నారట, ఇద్దరికీ ఒకే రంగు కావాలట. పిల్లవాడు సిగ్గుపడుతూ దూరంగా నిలబడ్డాడు. కొండ మీద సాయంత్రానికి చలిగా ఉంటుందని చెప్పి, నాగరత్నమ్మ కాఫీ రంగు చొక్కా ఒకటి తీసింది. పిల్లకు గోధుమరంగు మీద కాఫీ రంగు చుక్కల కుర్తా, పైన వేసుకోవడానికి ఒక పల్చటి శాలువ. అచ్చంగా ఒకే రంగు వేసుకుంటే బ్యాండుమేళం వాళ్ళలాగా ఉంటారు, ఒకరి రంగు ఇంకొకరిలో కొంచెంగా కనపడాలి, అంతే, అని చెప్పింది. పిల్ల కుర్తాను ఒంటికి ఆనించుకుని మొగుడి పక్కన పోయి నిలబడింది. అద్దంలో ఇద్దరినీ చూసుకుని నవ్వింది. తర్వాత నాగరత్నమ్మ వైపు తిరిగి, మీరూ మీ ఆయనా ఇట్లా వేసుకుని పోయేవాళ్ళా అక్కా, అని అడిగింది.

ఆ పిల్ల మంచి మనసుతోనే అడిగింది. పోతా ఉండాము ఈపొద్దు, చంద్రగిరికి, అని నాగరత్నమ్మ నోటినుంచి వచ్చేసింది. అబద్ధం చెప్పిందో నిజం చెప్పిందో ఆమెకే తెలియలేదు. బట్టలు మడుస్తూ గోడ గడియారం చూసింది. ఈపాటికి ఆయన బెంచీ మీద ఉంటాడు. కాలు ఈడ్చుకుంటూ ఈ ఎండలో రెండు వీధులు నడిచి ఉంటాడు. చంద్రగిరి కోటను ఆమె రైలు కిటికీలోంచి ఎన్నోసార్లు చూసింది. కొండ, గోడ, ఒక్క క్షణం, అంతే. తిరుపతిలో ఎవరి పెళ్ళికో, ఎవరి ఆసుపత్రికో పోయేటప్పుడు. అక్కడ దిగింది మాత్రం లేదు. లోపల మహలు ముందు గడ్డి పెంచారని, సాయంత్రం గాలి బాగుంటుందని బట్టలు కొనేవాళ్ళు చెబితే విన్నదే.

ఒంటిగంటకు ముందే ప్రతాప్ ఆమెను పంపేశాడు. బజారువీధి మొనలో ఎడమకు తిరిగితే స్టేషను, కుడికి తిరిగితే ఇల్లు. ఆమె ఎడమవైపు రెండడుగులు వేసింది కూడా. అప్పుడు ఒంటిమీది యూనిఫారం చీర గుర్తొచ్చింది. ఊరందరికీ సెట్లు తీసే మనిషి, మొట్టమొదటిసారి మొగుడితో బయటికి పోతూ పనిమనిషి వేషంలో పోవడమా? ఒక మంచి చీర కట్టుకుని పోదాం, గంట టైముంది, అనుకుని కుడికి తిరిగింది. ఆ క్షణాన ఆమె పోదామనే అనుకుంది. అది దేవుడికి తెలుసు, ఆమెకు తెలుసు.

గంగాధరం తాళంచెవి పక్కింటి అక్కమ్మకు ఇచ్చిపోయాడు. అన్న పదకొండుకే బయల్దేరినాడని, యాడికి అని అడిగితే మా ఇంటామెతో చంద్రగిరి అని చెప్పాడని, మొహం బలే వెలిగిపోతా ఉండిందని అక్కమ్మ చెప్పింది. నాగరత్నమ్మ తాళంచెవి తీసుకుని లోపలికి వచ్చి, మొహం కడుక్కుని, బీరువా తెరిచింది.

యాడికి, అని అంగట్లో అడిగినట్టే తనను తాను అడిగింది. చంద్రగిరికి. రైలా? రైలే. మెట్లుండాయా? ఉండాయి. ఎండ? మండిపోతా ఉండాది. అయితే మెత్తటి నూలు చీర కావాలి, దుమ్ము కనపడని ముదురు రంగు, సన్నటి అంచు, నడిచేటప్పుడు కాళ్ళకు చుట్టుకోని బరువు. ఆయన ఆకాశం రంగు చొక్కాకు ముదురు నీలం మీద ఎక్కడో ఒక లేత నీలం గీత. ఆ చీర ఆమె కళ్ళకు అంచుతో సహా కనిపించింది. చెయ్యి అర మీద నడిచింది. ఒక అరలో మూడు పట్టుచీరలు, పెళ్ళిళ్ళకు కట్టినవి. ఇంకో అరలో ఇంట్లో కట్టుకునే వెలిసిపోయిన నూలువి. కింద అంగడివాళ్ళు ఇచ్చిన మెరూన్ యూనిఫారాలు ఆరు. ఆమె మళ్ళీ మొదటినుంచి వెతికింది.

లేదు. ఊరికే ఒక పూట బయటికి పోవడానికి కట్టుకునే చీర ఆ బీరువాలో ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళుగా వేలమందికి తీసిచ్చింది. తలకోనకు ఒకటి, కాణిపాకానికి ఒకటి, సముద్రానికి ఒకటి. తనకంటూ ఒక్కటి కొనుక్కోలేదు. ఎందుకు కొనుక్కుంటుంది, ఎక్కడికి పోయింది గనక? పై అరల నిండా గంగాధరం చొక్కాలు, రంగు వరసన, హ్యాంగర్లకు తగిలించి. ముప్పై రెండు. తాను ఏరినవి, తాను ఇస్త్రీ చేసినవి. వాటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడికో ఒక చోటికి పోయొచ్చిందే.

ఆమెకు ఏడుపు రాలేదు. పొద్దున రేగిన మంటే మళ్ళీ లేచింది, ఇంకొంచెం ఎత్తుగా. బీరువా తలుపు దడాలున మూసింది. అక్కడే కూర్చోనీ, అనుకుంది. మాట ఇచ్చి రాని మనిషి కోసం ఎదురుచూడ్డం నేర్చుకోనీ. వంటింట్లోకి పోయి పళ్ళెం పెట్టుకుని, పెరుగన్నం కలుపుకుని, నిమ్మకాయ ఊరగాయ వేసుకుని కూర్చుంది. ఆకలిగా లేదు. అయినా ఒక్కో ముద్దే నిదానంగా తింది. రెండు ముద్దల మధ్య గడియారం చూసింది.

స్టేషను రెండు వీధుల అవతలే. తిరుపతి వైపు పోయే ప్యాసింజరు వచ్చేటప్పుడు గిన్నెలు సన్నగా అదురుతాయి. అదిరాయి. కూత వినిపించింది. నాగరత్నమ్మ వేళ్ళు నాకి, కళ్ళు మూసుకుంది. ఇప్పుడు లేచి గేటు వైపు చూస్తుంటాడు. ఇప్పుడు జనం ఎక్కుతుంటారు. ఎవరో ఎక్కన్నా అంటుంటారు. ఇప్పుడు ఇంకా చూస్తుంటాడు. రెండో కూత కూసి రైలు కదిలింది, చప్పుడు పలచబడి పూర్తిగా పోయింది. పో, అంది ఆమె పైకే. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ గెలిచినట్టయింది. లేచి పళ్ళెం కడిగి బోర్లించింది.

ఇక ఆయన మొహం చూడాలి. అది చూడకపోతే ఇదంతా చేసీ లాభం లేదు. యూనిఫారం చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆ మొహం చూడ్డానికి ఈ చీర చాలు. వీధిలో నడుస్తూ ఏం అనాలో వల్లె వేసుకుంది. రైలు పొయ్యిందా? అయ్యో. వచ్చే వారం సూద్దాంలే. ఒకప్పుడు ఆయన ఆమెకు ఎన్నోసార్లు చెప్పిన మాట అది. అదే గొంతుతో, అట్లాగే నవ్వుతూ అనాలి.

ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. రైలు పోయిన వేడి ఇంకా రాళ్ళ మీద ఉంది. గంగాధరం రేకుల నీడలో చివరి బెంచీ మీద, స్తంభానికి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. పక్కనే ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే ఎస్తేరు బుట్ట ముందు పెట్టుకుని నేల మీద కూర్చుంది. నాగరత్నమ్మ నేరుగా పోయి మొగుడి ఎదురుగా నిలబడింది.

"రైలు పొయ్యిందా? వచ్చే వారం సూద్దాంలే."

ఆయన పలకలేదు. అలిగాడనుకుంది. అలగనీ, అని ఆమెకు లోపల సంతోషంగా కూడా అనిపించింది. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. అప్పుడు ఆయన కుడిచేతిలో నలిగిన రెండు టికెట్లు, వాటి మీద పట్టు వదిలేసిన వేళ్ళు చూసింది. వంగి భుజం తట్టింది. తల స్తంభం మీదనుంచి జారి ఆమె పొట్టకు తగిలి ఆగింది. చొక్కా అంతా చెమటకు తడిసి చల్లబడి ఉంది.

ఎస్తేరు లేచి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, యేసయ్యా అంది. ఆఫీసు వైపు తిరిగి కేకవేసింది. మనుషులు పరిగెత్తుకొచ్చారు, స్టేషనులో పనిచేసే ఇద్దరు, ఆటోవాడు ఒకడు. ఒకరు నీళ్ళు చల్లారు, ఒకరు ఛాతీ నొక్కారు. కాసేపటికి నొక్కడం ఆపేశారు.

"రైలు రాకముందే కండ్లు మూసుకున్న్యాడక్కా," అంది ఎస్తేరు. "నిద్రపోతా ఉండాడని అనుకుంటిమి. బెంచీలన్నీ జనం. పక్కన కూసుందామని ఎవురొచ్చినా ఒప్పుకోలేదు ఆయప్ప. మా ఇంటామె వస్తా ఉండాది, దానికి ఈ సీటు పట్టినాను, అనె. చంటిబిడ్డతో వచ్చినామెకు తాను లేసి తన సీటు ఇస్తానన్న్యాడే గానీ, అది మాత్రం ఇయ్యలేదు."

నాగరత్నమ్మ వింది. ఆమె ఏడుస్తుందని చుట్టూ ఉన్నవాళ్ళు ఎదురుచూశారు. ఆమెకు కోపం వచ్చింది, ఎన్నడూ రానంత కోపం. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ నోటినిండా ఉన్నాయి, వినేవాడు లేడు. తాను పెరుగన్నం తింటూ గిన్నెల అదురు లెక్కపెడుతున్నప్పుడు, గెలిచాననుకుంటున్నప్పుడు, ఈయన ఇక్కడ లేడు.

"ఈతూరి గూడా ఒక్కడే పొయ్యినాడు," అంది.

ఎవరితో అందో ఎవరికీ అర్థం కాలేదు. ఆఫీసులోంచి స్ట్రెచర్ తెచ్చారు. ఎంతకాలం ఆ స్టేషనులో పనిచేసిన మనిషో, మోసేవాళ్ళిద్దరూ పేరు పెట్టి పిలుస్తూనే ఎత్తారు. కాలు పక్కకు వేలాడితే ఎస్తేరు సర్దింది. ఆటో గేటు దగ్గరికి తెచ్చాం రాండక్కా అన్నారు. ఆమె వస్తానంది గానీ కదలలేదు. వాళ్ళు ముందుకు పోయారు. ఆమె ఖాళీ బెంచీ ముందు, మెరూన్ చీర కొంగు పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది. కూర్చోలేదు.

ఆయన కూర్చున్న చోటుకు పక్కన, ఒక మనిషి సరిగ్గా కూర్చునేంత మేర, తెల్ల కర్చీఫు మడతలు విప్పి పరిచి ఉంది, గాలికి ఎగిరిపోకుండా దాని నడిమధ్య పట్టాల మీదినుంచి తెచ్చిన ఒక కంకర రాయి.